కందకుర్తి రేవు: దాని యున్నతియు క్షీణతయు

మన దేశచరిత్రములలో రాజవంశముల వరుసలకును, దుర్గముల ముట్టడులకును, దేవాలయ ప్రతిష్ఠలకును దొరకిన స్థానము రేవులకు దొరకలేదు. కోట కట్టినవాడు శాసనము వేయించును. గుడి కట్టించినవాడును వేయించును. నావ నడపినవాడు మాత్రము వేయింపడు. అయినను కోటకు ధాన్యము చేరినదియు, గుడికి యాత్రికుడు వచ్చినదియు, ఒక రాజ్యమునుండి వేఱొక రాజ్యమునకు సేన నడచినదియు నేదో యొక రేవు మీదుగానే కదా. కావున నొక రేవు చరిత్రము గ్రామచరిత్రము మాత్రమే కాదు. ఆ రేవును తమ యవసరములకై దాటిన ప్రజలందఱి చరిత్రమందును దానికి భాగమున్నది.

నిజామాబాదు జిల్లా రెంజల్ మండలములోని కందకుర్తి యట్టి రేవుగల గ్రామము. త్ర్యంబకమున బుట్టి 1465 కిలోమీటర్లు ప్రవహించు గోదావరి తెలంగాణమున బ్రవేశించు తావిదియే. బీడు జిల్లాలోని బాలాఘాటు కొండలలో బుట్టిన మంజీర 724 కిలోమీటర్లు నడచి యిచ్చటనే గోదావరిలో గలియుచున్నది. హరిద్ర యను చిన్న యేఱును ఇచ్చటనే చేరుటచే నిది త్రివేణీసంగమమని పేరొందినది. పసుపు పంటకు ప్రసిద్ధి కెక్కిన సీమలో నొక యేటికి పసుపు పేరే కలుగుట సొగసైన విషయము.

ఈ వ్యాసమున నిరూపింప దలచినది యొక్కటి. కందకుర్తి రేవు పేరునకు ఒకటియే యైనను పనిలో మూడు రేవులు. మొదటిది దూరపు బాటల రేవు. అనగా వర్తకులును, సేనలును, రాజోద్యోగులును దాటినది. రెండవది ఇరుగుపొరుగు రేవు. అద్దరి యిద్దరి గ్రామములవారు సంతకును, పెండ్లికిని, పొలమునకును దాటినది. మూడవది తీర్థపు రేవు. స్నానమునకును, పితృకర్మలకును వచ్చినవారు దిగినది. ఈ మూడును ఒక్కమాఱే క్షీణింపలేదు. ఒక్కొక్కదాని క్షీణతకు వేఱువేఱు కారణములు, వేఱువేఱు కాలములు గలవు. ఈ భేదము గ్రహింపక “నది యెండెను, రేవు పోయెను” అని యొక్కమాటతో ముగించుట లోకమున వాడుక. ఆ మాట సరికాదని ముందు చూపగలము.

పేరును గుఱించి కొంత విచారింపవలసియున్నది. స్థానికసంప్రదాయమున నీ గ్రామము స్కందపురి. స్కంద శబ్దమునుండి ‘కంద’ యేర్పడుట తెనుగు నడకకు విరుద్ధము కాదు. పదాదిని సంయుక్తాక్షరమును తేల్చి పలుకుట మన భాషకు సహజము. స్తంభము కంబమైన తీరు పండితుల కెఱుకయే. ‘కుర్తి’ యనునది పాలకుర్తి, కల్వకుర్తి మొదలగు పేళ్ళలో గానవచ్చు గ్రామనామాంతము. ఇట్లు ఒక దేవతానామమునకు దేశీయమైన యూరి తోక చేరి యీ పేరు నిలిచినదని చెప్పవచ్చును. అయితే కంద యనునది దుంపకును పేరు. చెట్టు పేరును పంట పేరును గ్రామములకు బెట్టుట మనవారిలో మిక్కిలి తఱచు. కావున స్కందవ్యుత్పత్తిని సంప్రదాయముగా గైకొనవలయునే కాని సిద్ధాంతముగా గైకొనరాదు.

పేరుకంటె నెక్కువ యర్థవంతమైనది ‘తీర్థ’ శబ్దము. తౄ ధాతువునకు దాటుట యర్థము. తీర్థమనగా మొదట దాటుచోటు, అనగా రేవు. దాటుచోట జనులు గూడుదురు, ఆగుదురు, స్నానము చేయుదురు, దేవుని దలతురు. అందుచేత దాటుచోటు క్రమముగా పుణ్యస్థలమైనది. జైనులు తమ గురువులను తీర్థంకరులనుటలోను, సంసారమను నేటికి రేవు గట్టినవారను భావమే యున్నది. కందకుర్తికి పూటబండి ప్రయాణములోనున్న బోధనును బాహుబలి రాజధానియైన పౌదనపురముగా జైనసంప్రదాయము ననుసరించి చరిత్రకారులు గుర్తించియున్నారు. ఆ సీమలో తీర్థశబ్దము రెండర్థములతోను జీవించినదనుట యతిశయోక్తి కాదు. మొదట రేవు, దానినుండి తీర్థము: ఇది పుట్టుక క్రమము. క్షీణించునపుడు వరుస తలక్రిందులై, రేవు ముందుగా నశించి తీర్థము నిలిచినది.

ఇక భూస్థితి. గోదావరి పడమటినుండి వచ్చును. మంజీర దక్షిణమునుండి వచ్చి దానిని గలియును. గోదావరికి దక్షిణమునను మంజీరకు తూర్పునను గల మూలలో కందకుర్తి యున్నది. మంజీరకు పడమట బిలోలి సీమ. గోదావరి కుత్తరమున ధర్మాబాదు సీమ. కావున సామాన్యముగా రేవునకు రెండు దరులుండగా కందకుర్తి రేవునకు మూడు దరులు. ఒక్క నావవాడు ఒక్క యొడ్డున నుండి రెండు సీమలకు జనులను జేర్పగలడు. నదీతీరమున నెన్నియో గ్రామములుండగా రేవు సంగమముననే ప్రబలుటకు నిదియే ప్రధానకారణమని యూహింపవచ్చును. మఱియొక కారణమును గలదు. రెండు నదులకును వెల్లువ యొకే దినమున రాదు. ఒకదానికి వెల్లువ వచ్చినపుడు రెండవదాని నీరు వెనుకకు నిలిచి వేగము తగ్గును. వేగము తగ్గిన నీటిలో గడకఱ్ఱ యానును, తెడ్డు పనిచేయును. అదే నిలుకడవలన నిసుకయు మేట వేయును. కావున సంగమపు రేవున నావవానికి సౌకర్యమును శ్రమయు రెండును గలవు. ఏటేట తిప్ప యొకచోటనుండి వేఱొకచోటికి మాఱును. నిన్నటి మడుగు నేడు మెరక యగును. ఈ మార్పుల నెఱిగినవాడే రేవునకు యజమానుడు.

ఇట్టి రేవు ఋతువు ననుసరించి మూడు రూపులు దాల్చును. వర్షాకాలమున నావ తప్ప దారి లేదు; వెల్లువ మిక్కుటమైనపుడు నావయు లేదు. శీతకాలమున నీరు దిగి పాయలు విడివడగా నావ చిన్న దూరము పోయిన జాలును. వేసవిలో మోకాటిలోతు నీటిలో బండ్లు దిగి దాటును. అప్పుడు కేవు లేదు. కాని దారి చూపువాడు కావలయును. ఊబి యెచ్చటనున్నదో, గట్టినేల యెచ్చటనున్నదో యెఱిగినవాడు మరల నావవాడే.

దూరపు బాటల విషయము చూతము. బోధను ప్రాచీన నగరము. అశ్మకదేశపు రాజధానియైన పోతన యిదియే యని చరిత్రకారులనేకులు తలచిరి. ఆ దేశమునకు వాయవ్యమున ములకదేశపు ప్రతిష్ఠానము, నేటి పైఠాన్, గోదావరి తీరముననే యున్నది. తరువాత వేములవాడ చాళుక్యుల పూర్వులకు పోదన ముఖ్యస్థానమయ్యెను. ఆ వంశమున యుద్ధమల్లుడు పోదనలో నేనుగులను తైలమున స్నానమాడించెనను ప్రసిద్ధిని పంపకవి తన విక్రమార్జున విజయమున బేర్కొనెను. ఏనుగులును గుఱ్ఱములును గల రాజ్యమునకు ఉత్తరముగా బోవు బాట గోదావరిని, పడమటికి బోవు బాట మంజీరను దాటక తప్పదు. బోధను ఔన్నత్యముతో కందకుర్తి ప్రాంతపు రేవుల యున్నతియు ముడివడియుండెననుటకు నీ భూస్థితియే ప్రమాణము.

పదునేడవ శతాబ్దమున సూరతునుండి గోల్కొండకు వచ్చిన ఫ్రెంచి వజ్రవర్తకుడు టావెర్నియే తన మజిలీల పట్టిక నిచ్చెను. ఔరంగాబాదు దాటిన తరువాత నాతడు ‘నాదూర్’ అని వ్రాసినది నాందేడు. అచ్చట నది దాటుటకు బండి యొక్కటికి నాలుగు రూపాయలు చెల్లింపవలసియుండెననియు, అధికారివలన దాటుటకు అనుమతిపత్రము గైకొనవలసియుండెననియు నాతడు వ్రాసినాడు. తరువాతి మజిలీలలో ‘సతాపూర్’ అను పేరు కానవచ్చుచున్నది. నేడు రెంజల్ మండలముననే, కందకుర్తికి సమీపమున, సాటాపూరు అను గ్రామము గలదు. పేరు పోలిక యొక్కటే సిద్ధాంతమునకు జాలదు. కాని భూస్థితితో కలిపి చూడుడు. నాందేడు వద్ద గోదావరిని దాటి దక్షిణపు టొడ్డు జేరినవాడు ఆగ్నేయముగా నడచినచో గోదావరికిని మంజీరకును నడుమనున్న సీమలో బడును. అచ్చటినుండి సాటాపూరు జేరవలయునన్న మంజీరను దాటక వేఱు దారి లేదు. ఆ దాటుట కందకుర్తి యొద్దనే యైనదో, మఱికొంత యెగువనైనదో నిర్ణయింపవలసిన పని లేదు. గోల్కొండ వజ్రములకై వచ్చు బాట యీ నదీకోణమును దాటినదనుట మనకు జాలును.

దాటుటకు పన్ను గొనుట మన దేశమున మిక్కిలి పురాతనమైన మర్యాద. కౌటిల్యుడు నావధ్యక్షుడను నధికారి ధర్మములు చెప్పుచు రేవుపన్ను వివరించెను. చిన్నపశువునకును, బరువుతోనున్న మనుష్యునకును ఒక మాషము, ఆవునకును గుఱ్ఱమునకును రెండు, ఒంటెకును బఱ్ఱెకును నాలుగు, చిన్నబండి కైదు, ఎద్దుల బండి కాఱు, పెద్దబండి కేడు. మహానదులయందు రెట్టింపు. బ్రాహ్మణులు, సన్న్యాసులు, బాలురు, వృద్ధులు, రోగులు, రాజదూతలు, గర్భిణులు ముద్రతో నూరక దాటవచ్చును. మనుస్మృతియు నెనిమిదవ యధ్యాయమున నిట్టి క్రమమునే వేఱు లెక్కలతో జెప్పినది. ఇందు రెండు విషయములు గమనింపదగినవి. పన్ను మనుష్యునిబట్టి కాక బరువునుబట్టి యేర్పడినది. దాటు హక్కు ధనములేనివానికిని, బలములేనివానికిని గూడ నుండవలయునని ధర్మశాస్త్రము తలచినది. అనగా రేవు వర్తకస్థానమే కాక ధర్మస్థానముగా గూడ నెన్నబడెను.

రాజపన్ను వేఱు, గ్రామపుటేర్పాటు వేఱు. దక్కను గ్రామములలో చేతిపనులవారికిని సేవకవృత్తులవారికిని పంటవేళ ధాన్యభాగ మిచ్చుట ప్రాచీనమైన పద్ధతి. మరాఠీసీమలో కోళీలును, తెలంగాణమున గంగపుత్రులను బేరుగల బెస్తలును నీటిపనులకు వృత్తిదారులు. ఊరివాడు పంటవేళ గింజ నిచ్చి యేడాదిపొడవున దాటును. పరదేశి దాటినప్పుడెల్ల రొక్క మిచ్చును. ఇట్టి యేర్పాటు గల రేవునకు జీవనాధారములు రెండు. దూరపు బాటసారి రొక్కము నావకు మరమ్మతు చేయించును. ఊరివారి గింజ నావవాని కడుపు నింపును. ఈ రెండింటిలో నొకటి తెగినను రెండవది భారమును మోయజాలదు. రేవు క్షీణతను దెలిసికొనుటకు నిది తాళపుచెవి వంటిది.

నీటికులమువారి పట్ల లోకము చూపిన కృతజ్ఞత యెంతటిదో సామెత చెప్పుచున్నది: ఏఱు దాటువఱకు ఓడమల్లయ్య, ఏఱు దాటిన పిమ్మట బోడిమల్లయ్య. ఇది నావవానిని బరిహసించుట కాదు, దాటినవానిని దూషించుట. నావవాని పక్షమున బుట్టిన సామెత కావచ్చును.

రేవువలన గ్రామమున కొనగూడిన విద్యాసంబంధమునకు నొక దృష్టాంతము గలదు. నాగపురమున 1889లో జన్మించి 1925లో రాష్ట్రీయ స్వయంసేవక సంఘమును స్థాపించిన కేశవ బలిరామ హెడ్గేవారు పూర్వులు కందకుర్తివారు. వేదవిద్యగల యా కుటుంబము భోంసలేల కాలపు నాగపురమునకు వలసపోయెను. తెనుగు సీమయంచునగల గ్రామమునుండి పండితకుటుంబము మరాఠీరాజ్యమునకు బోవుట యాకస్మికము కాదు. రెండు భాషలను మాటలాడు సంగమగ్రామమునకు రెండు రాజ్యముల బాటలును దెలియును. నేటికిని ఈ ప్రాంతపు గ్రామములలో తెనుగును మరాఠియు నొకే యింట వినబడుట కలదు. అది రేవు మిగిల్చిన యాస్తి.

ఇక క్షీణతను వరుసగా జూతము.

మొదటి దెబ్బ యినుపదారి. సికిందరాబాదునుండి మన్మాడువఱకు హైదరాబాదు గోదావరి లోయ రైలుమార్గము 1899 మొదలు 1901 లోపల దెఱవబడెను. అది నిజామాబాదు మీదుగా వచ్చి బాసర వద్ద వంతెనపై గోదావరిని దాటి ధర్మాబాదు, నాందేడు మీదుగా పోవుచున్నది. బాసర కందకుర్తికి దిగువనే యున్నది. ఇంతవఱకు ఎద్దుబండ్లపై దినముల తరబడి నడచిన సరకు ఒక రాత్రిలో పోజొచ్చెను. టావెర్నియే వంటివాడు బండికి నాలుగు రూపాయలిచ్చి దాటిన బాట యిప్పుడు కొన్నియణాల రైలుచీటితో దాటబడెను. దూరపు బాటల రేవున కిదియే యంతము. వర్తకుని రొక్కము తొలగిపోగా నావ మరమ్మతుభారము గ్రామముపై బడెను.

అయినను రెండవ రేవు చావలేదు. రైలు నిలుచుచోట్లు కొన్నియే. అద్దరినున్న పొలమునకు బోవు రైతు రైలెక్కడు. సంతకు బుట్ట మోయునామె బాసర చుట్టివచ్చి ధర్మాబాదు చేరదు. ఇందుకు సాక్ష్యము మన గోదావరి దిగువనే గలదు. రాజమహేంద్రవరమున హావెలాకు వంతెన 1900లో రైళ్ళకు దెఱవబడినను, కొవ్వూరు రాజమహేంద్రవరముల నడుమ పడవలును లాంచీలును మఱి డెబ్బదియేండ్లకు పైగా నడచెను. 1974లో రోడ్డుతో గూడిన వంతెన వచ్చిన పిదపనే యా దాటుడు తగ్గిపోయెను. మదరాసు రాజధానిలో 1890లోనే కాలువలకును ప్రజారేవులకును ప్రత్యేకమైన చట్టముండెను, రేవులు గుత్తకీయబడుచుండెను. అంత గట్టి యేర్పాటుగల కోస్తా రేవునకు బట్టిన గతియే కందకుర్తికిని బట్టెను. ఇనుపదారి దూరపు రేవును జంపును. ఇరుగుపొరుగు రేవును జంపునది రోడ్డు.

రెండవ దెబ్బ నీటిపారుదలవలన గలిగినది. మంజీరపై అచ్చంపేట, బంజేపల్లి గ్రామముల నడుమ నిజాంసాగరము 1923లో నారంభింపబడి 1931లో ముగిసెను. దానిని నిర్మించిన యింజినీరు నవాబు అలీ నవాజ్ జంగ్. ఇంచుమించు రెండు లక్షల డెబ్బదియైదువేల యెకరములకు నీరిచ్చుట దాని యుద్దేశము. దిగువ మంజీర వేసవిధార సన్నగిల్లెను. కాని రేవుపై దీని ప్రభావము నీటి తగ్గుదలకంటె వేఱొక తీరున నెక్కువగా గనబడెను. కాలువ పాఱిన నేలలో చెఱకు విస్తరించెను. 1937లో బోధనున నిజాం చక్కెర కర్మాగారము స్థాపింపబడెను. దాని చుట్టును శక్కర్‌నగరము వెలసెను. జానకంపేటనుండి బోధనుకు రైలుశాఖ వచ్చెను. అంతవఱకు రైతు బండి యేటివైపు మొగము పెట్టెడిది. ఇప్పుడు కర్మాగారము వైపు మొగము ద్రిప్పెను. కూలి వెదకువాడు, చెఱకు తోలువాడు, అంగడి పెట్టువాడు, చదువు కోరువాడు నందఱును బోధనునకు నడచిరి. ఊరి బాటలు ద్రిప్పబడినపుడు రేవు తనంతట తాను ఊరికి వెనుకవైపగును. నది యెండుట కాదు. నదివైపు పోవలసిన పని తగ్గుట.

మూడవది రాజ్యపుటెల్ల. 1956వ సంవత్సరము నవంబరు 1వ తేదీకి బూర్వము నాందేడు, నిజామాబాదు జిల్లాలు రెండును హైదరాబాదు రాజ్యములోనివే. అద్దరి, యిద్దరి యను భేదము నీటిదే కాని పాలనది కాదు. ఆ దినమున భాషనుబట్టి రాష్ట్రములు పునర్వ్యవస్థీకరింపబడగా నాందేడు జిల్లాలో హెచ్చుభాగము బొంబాయి రాష్ట్రమునకు బోయెను. దెగ్లూరు తాలూకాలోని బిచ్కుంద, జుక్కల్ సర్కిళ్ళును, ముధోల్ తాలూకాలోని ముధోల్, భైంసా, కుబేర్ సర్కిళ్ళును ఆంధ్రప్రదేశమున జేరెను. సర్కిలు సర్కిలుగా గీత గీయబడినదని దీనివలన స్పష్టము. 1960లో బొంబాయి రాష్ట్రము విభక్తమై అద్దరి మహారాష్ట్రమయ్యెను. 2014 జూను 2వ తేదీన నిద్దరి తెలంగాణ రాష్ట్రమయ్యెను. పెండ్లిసంబంధములు ఎల్లను బట్టి తెగవు. కాని కచేరి, బడి, ధాన్యపు కొనుగోలు, వైద్యశాల మొదలగునవి యెల్లను బట్టి యేర్పడును. ఇదివఱకు దగ్గఱ యొడ్డున దీరెడి పనికి దూరమైనను తన రాష్ట్రపు పట్టణమునకే పోవలసి వచ్చెను. రేవు మీది రాకపోకలలో నొక్కొక్క పనియే యిట్లు జారిపోయినది.

నాలుగవది పోచంపాడు. 1963 జూలై 26వ తేదీన ప్రధానమంత్రి జవహర్‌లాల్ నెహ్రూ శంకుస్థాపన చేసిన యీ యానకట్టయే నేటి శ్రీరామసాగరము. దాని నిండు మట్టము 1091 అడుగులు. మొదట లెక్కించిన నిలువ 112 టీఎంసీలు. జలాశయము నిండినపుడు నీరు కందకుర్తి సంగమమువఱకు వెనుకకు దన్నును. ఏటిలోనున్న పాత శివాలయము నీట మునిగి, నీరు దిగినపిమ్మట మరల గనబడును. పాఱు నీటికి బదులు నిలిచిన నీరు వచ్చెను. ఇచ్చటనే మనము మొదట బేర్కొన్న వాదమును పరీక్షింపవలయును. నది యెండుటచే రేవు పోయినదందురు. కాని పోచంపాడు పిమ్మట సంగమమున నీటినిలుకడ పూర్వముకంటె హెచ్చెను. కాలినడక దాటు దినములు తగ్గవలెను. నావ యవసరము పెరుగవలెను. అట్లైనను రేవు పెరుగలేదు. కారణము హెచ్చినను కార్యము తగ్గినచో నా కారణము కారణమే కాదని తర్కము. కావున నీటి కొఱత రేవు నాశనమునకు ప్రధానహేతువు కాదు; బాటలు మాఱుటయే హేతువు.

ఐదవదియు కడపటిదియు రోడ్డు వంతెన. కందకుర్తి యొద్దనే గోదావరిపై రెండు రాష్ట్రములను గలుపు వంతెన గట్టబడెను. మంజీరపై బోధను బిలోలి దారిలో సాలూర వద్దను వంతెన గలదు. మూడు దరులకును రోడ్డు గలిసిన పిమ్మట మూడు దరుల నావకు బనిలేదు. వంతెన యర్ధరాత్రమున నైనను, వర్షమున నైనను దాటించును, కేవడుగదు, రోగిని నిలువబెట్టదు. రేవుకాలమును దలచి విచారించువారు దీనిని మఱవరాదు. వెల్లువదినములలో ప్రసవవేదనతోనున్న స్త్రీ యొడ్డున నిలిచిన కాలమును గూడ రేవుకాలమనియే యనవలయును. కౌటిల్యుడు గర్భిణికి బన్ను మినహాయించెను, వెల్లువను మినహాయింపలేకపోయెను. వంతెన యా పని చేసినది. కావున రేవు క్షీణతను నష్టమని మాత్రమే వ్రాయుట పక్షపాతము.

నష్టము వేఱొకచోట నున్నది. రేవున జనులు వేచియుండవలెను. వేచియున్నవారు మాటలాడుకొందురు. అద్దరి ధర, యిద్దరి వాన, యెవరింట పెండ్లి, ఎచ్చట జాతర యనునవి యచ్చట దెలియును. తెనుగువాడు మరాఠి నేర్చినదియు, మరాఠివాడు తెనుగు నేర్చినదియు బడిలో గాదు, ఇట్టి తావులలోనే. వంతెనపై బండ్లు పోవును, బండ్లలోనివారు మాటలాడుకొనరు. రెండు భాషల సంగమమునకు రేవు చేసిన పనిని వంతెన చేయజాలదు. రాష్ట్రపుటెల్లకు వంతెన తోడగుటచే నద్దరి యిద్దరి యను మాటలు ‘ఆ రాష్ట్రము, ఈ రాష్ట్రము’ అని మాఱిపోయినవి.

మఱియొక విషయము. రేవును వెనుకకు ద్రోసిన బోధను కర్మాగారము గూడ 2015 కడపట మూతబడెను. ఎనుబదియేండ్లకు లోపలనే యొక యాశ్రయము పోయి వేఱొక యాశ్రయము వచ్చి, యదియు బోయెను. రేవుతో బోల్చిన కర్మాగారపు టాయువు మిక్కిలి కొలది. నావలును యంత్రములును గూడ బాటలను నమ్మియే బ్రతుకును. బాట మాఱినను, నడపువారి లెక్క తప్పినను రెండింటికిని గతి యొకటే. నదీతీరగ్రామము చరిత్రమునందు ఏ యొక్క జీవనాధారమును శాశ్వతమని తలపరాదను పాఠము దీనివలన గలుగుచున్నది.

నదీజలముల తగవును సంగమమునకు దగ్గఱగానే నడచెను. ధర్మాబాదు సమీపమున మహారాష్ట్రము గట్టిన బాబ్లీ యానకట్టను గుఱించి సుప్రీముకోర్టు 2013 ఫిబ్రవరి 28వ తేదీన దీర్పు చెప్పెను. జూలై 1 మొదలు అక్టోబరు 28 వఱకు తలుపులెత్తి యుంచవలెననియు, మార్చి 1న 0.6 టీఎంసీల నీరు క్రిందికి విడువవలెననియు నా తీర్పు. పూర్వము నదిలో నీరెప్పుడు దిగునో యేఱు నిర్ణయించెడిది, బెస్తవాడు కనిపెట్టెడివాడు. ఇప్పుడు కొంతవఱకు తీర్పులోని తేదీలు నిర్ణయించుచున్నవి.

ఇంత మార్పులోను మిగిలినది మూడవ రేవు. గురుడు సింహరాశిని బ్రవేశించినపుడు పండ్రెండేండ్ల కొకమాఱు గోదావరికి పుష్కరము వచ్చును. 1991లోను, 2003లోను, 2015 జూలై 14 మొదలు 25 వఱకును వచ్చిన పుష్కరములలో గోదావరి తెలంగాణమున బ్రవేశించు తొలి తీర్థముగా కందకుర్తికి జనులు వచ్చిరి. వారు నది దాటుటకు రాలేదు, దిగుటకు వచ్చిరి. తీర్థశబ్దమున మొదటి యర్థము లోపించి రెండవ యర్థము మాత్రము నిలిచినదని దీనినిబట్టి తెలియుచున్నది. వర్తకుని రేవునకు సరకు కావలయును. రైతు రేవునకు అద్దరిని పని కావలయును. యాత్రికుని రేవునకు సంగమము చాలును. సంగమము పోవునది కాదు. అందుచేతనే యది నిలిచినది.

ఇట్లు కందకుర్తి రేవు చరిత్రము సంగ్రహముగా దేలినది. దూరపు రేవును 1899–1901 నాటి రైలుమార్గము తీసికొనెను. ఇరుగుపొరుగు రేవును నిజాంసాగరపు చెఱకుబాటలు బలహీనపఱచెను, 1956 నాటి యెల్ల విడదీసెను, రోడ్డువంతెన ముగించెను. తీర్థపు రేవు మాత్రము నేటికిని బ్రతికియున్నది. ఇతర నదీగ్రామముల రేవుల చరిత్రము వ్రాయువారును ఈ మూడు పనులను వేఱుపఱచి చూచినచో, ఒక్కొక్కదాని పుట్టుకయు ముగింపును స్పష్టముగా దెలియగలదు.

పండితులు చేయవలసిన పని యొకటి గలదు. నావ పోయినను నావమాటలు కొన్ని యింకను వృద్ధుల నోట నున్నవి. కేవు, తెడ్డు, గడ, దోనె, పుట్టి, తెప్ప, దరి, మడుగు, సుడి, పాయ, తిప్ప, మేట, ఊబి మొదలగు మాటలలో నిఘంటువున కెక్కినవి కొన్ని. కాని యొక్కొక్క రేవున వానికిగల ప్రత్యేకార్థములును, వానికి సరియైన మరాఠీ మాటలును వేఱుగా సేకరింపదగియున్నవి. నీటి లోతునకును, వేగమునకును, రంగునకును బెస్తవారు పెట్టుకొనిన పేళ్ళు శాస్త్రజ్ఞులకు గూడ నుపయోగించును. నదీతీరపు పాఠశాలల యుపాధ్యాయులు తమ విద్యార్థులచేత వారి తాతలను, అవ్వలను అడిగించి యిట్టి మాటలను వ్రాయించినచో నీ పని సులభముగా సాగును. వంతెన నిలిచియున్నంతకాలము ఏఱు దాటుటకు నావవాడు మనకు బనికిరాడు. తెనుగు నేర్చుకొనుటకు నింకను బనికివచ్చును.